వెల్ల వేసేదీ మీరే, మసి పూసేదీ మీరే



స్కాలర్‌షిప్పుల బకాయిల గురించి రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. అది వచ్చే ఆదివారానికి వాయిదా. ఈ వారం ఫొటోల గురించి రాయాలి. రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మా అమ్మ పోయి ఏడాది దాటింది. కొల్లూరులో మా పల్లెలోనే, చర్చి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టుకున్నాం. అమ్మకు ఫొటోలే తక్కువ. వాటిలో కాస్త మంచిది ఒక్కటే. మా పెదనాన్న కొడుకు తన ఫోనుతో తీసింది. నులక మంచం మీద కూర్చుని, ఒళ్లో బైబిలు పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి, నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తూ ఉంటుంది. దాన్నే వాట్సాప్‌లో స్టూడియోకి పంపి, ఒక ఫ్లెక్సీ, ఒక ఫ్రేము చేయించమన్నాం.

ఫ్లెక్సీ వచ్చింది. కట్టేశారు. జనం వస్తున్నారు. మా చెల్లెలి కూతురు, ఆరేళ్ల పిల్ల, ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి నా చొక్కా లాగింది. "మామయ్యా, అమ్మమ్మ ఫొటో ఎప్పుడు కడతారు?"

ఎదురుగానే ఉంది కదమ్మా అన్నాను. కాదన్నట్టు తల ఊపింది. అప్పుడు నేనూ సరిగ్గా చూశాను.

పాల మీగడ రంగు ముఖం. ఒక్క ముడత లేదు. ముక్కు పక్కన పులిపిరి లేదు. పెదాలకు లేత గులాబీ రంగు. వెనకాల మా ఇంటి రేకుల గోడ మాయమై మబ్బులు, పావురాలు, బంగారు గేటు. ఎవరో పెద్దింటావిడ మా షామియానాలోకి దారి తప్పి వచ్చినట్టుంది. పిల్ల ఇంకాసేపు చూసి, "చేతులు మాత్రం అమ్మమ్మవే" అంది. నిజమే. డిజైన్ చేసిన కుర్రాడి బ్రష్ మెడ దగ్గర ఆగిపోయింది, చేతుల దాకా రాలేదు. ఎడమ చూపుడు వేలి మీద కొడవలి గాటు అలాగే ఉంది.

రెండు రోజులాగి స్టూడియోకి వెళ్లాను. ఆ కుర్రాడు మనవాడే, పక్క ఊరి పల్లెవాడు. "అన్నా, బాగుంటుందనే చేశా. ఉన్నరంగు ఉన్నట్టు ఇస్తే మళ్లీ చేయమని వెనక్కి తెస్తారు" అన్నాడు. సరే, ఒరిజినల్ ఇవ్వు తమ్ముడూ అన్నాను. దాని మీదే సేవ్ చేసేశాడట. మా పెదనాన్న కొడుకు ఫోను అప్పటికే నీళ్లలో పడి పోయింది. నా వాట్సాప్‌లో వెతికితే ఫొటో ఉండాల్సిన చోట మసక మసక ముద్ద ఒకటి ఉంది. నొక్కితే, పంపినవాళ్లను మళ్లీ పంపమని అడుగు అంటుంది.

ఇప్పుడు మా అమ్మకు మిగిలిన ముఖాలు రెండు. ఒకటి గుర్తింపు కార్డు మీద ఉంది. అందులో కళ్లెక్కడో ముక్కెక్కడో తెలియదు, నల్లటి మరక. రెండోది ఈ ఫ్లెక్సీ. అక్కడ మసి, ఇక్కడ వెల్ల. రెండింటిలోనూ మా అమ్మ లేదు.

ఇది మా ఇంటి బాధ మాత్రమే అయితే ఇక్కడ రాయను. మీ ఇంట్లో ఉన్న పెళ్లి ఆల్బం ఒకసారి తీయండి.

*

కరిజ్మా ఆల్బం అంటాం కదా, ఆ బరువైన పుస్తకం. పెళ్లికూతురి ముఖం చూడండి, తర్వాత ఆమె మోచేతులు చూడండి. ముఖం ఒకరిది, చేతులు ఒకరివి. తర్వాత వెనక వరసలో నిలబడ్డ మేనత్తల్ని, పెద్దమ్మల్ని చూడండి. వాళ్ల మీద ఎవరూ టైం పెట్టరు కాబట్టి వాళ్లు తమ రంగులోనే ఉంటారు. పెళ్లికూతురు మాత్రం వాళ్ల వంశంలో పుట్టినట్టుండదు.

ఇది ఎలా చేస్తారో తెలుసుకోవాలి. మంత్రం కాదు, మర్మం కాదు. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మనిషి చర్మం ఏ రంగుదైనా దాదాపు ఆరెంజ్ గడిలోకి వస్తుంది. ఆరెంజ్ వెలుగు పెంచు, ఆరెంజ్ గాఢత తగ్గించు. చర్మం తెల్లబడుతుంది. ఆ సెట్టింగును ఒకసారి దాచుకుంటే అదే ప్రీసెట్. ఎవరో ఎక్కడో తయారుచేసిన ప్రీసెట్‌ను మనవాళ్లు డౌన్‌లోడ్ చేసుకుంటారు. ఒక్క నొక్కుతో ఐదువందల ఫొటోలు, ఐదువందల ముఖాలు ఒకే రంగుకు వస్తాయి. ఏ పిల్ల ఎండలో పెరిగిందో, ఏ పిల్ల నీడలో పెరిగిందో ప్రీసెట్‌కు అనవసరం.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఫొటోను ముట్టుకోవడమే పాపం అని నేను అనడం లేదు. కెమెరా ఆటోలో ఉంటే, ఎదురుగా ఉన్నదాన్నంతా కలిపి సగటున ఒక బూడిద రంగు అనుకుని వెలుగు లెక్కవేస్తుంది. తెల్లటి షామియానా ముందు నల్లటి మనిషి నిలబడితే, షామియానాను చూసి వెలుగు తగ్గించేస్తుంది. మనిషి ముఖం చీకట్లోకి పోతుంది. ఆ గుర్తింపు కార్డు మీద మా అమ్మ మరకగా మారింది ఇలాంటి నిర్లక్ష్యం వల్లే. అలాంటప్పుడు ముఖం మీదికి వెలుగు తేవాలి. అది ఫొటోగ్రాఫర్ పని, ధర్మం కూడా. వెలుగు తెస్తే నల్లటి ముఖం నల్లగానే స్పష్టంగా కనపడుతుంది. చెంప మీద మెరుపు, కంటి కింద గీత, పులిపిరి, అన్నీ కనపడతాయి. వెల్ల వేస్తే ఇవన్నీ పోతాయి. వెలుగు తేవడం వేరు, వెల్ల వేయడం వేరు. ఈ రెండింటినీ ఒకటే అని అమ్ముతున్నారు. దాని మీదే నా గొడవ.

*

ఇక రెండో రకం ఎడిటింగ్. దీని గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు.

మా కొల్లూరు కృష్ణ ఒడ్డు మండలం. అవతల లంకలు. పోతార్లంక, పెసర్లంక అంటే అరటి, పసుపు, కంద. ఇవతల మాగాణి. పసుపు తవ్వే రోజుల్లో, నాట్ల రోజుల్లో తెల్లవారుజామున కార్లలో ఫొటోగ్రాఫర్లు దిగుతారు. పెద్ద పెద్ద లెన్సులు. మన ఆడవాళ్లు వంగి పనిచేస్తుంటే గట్టు మీద పడుకుని మరీ తీస్తారు. "అమ్మా, ఇటు చూడు, నవ్వకు, నవ్వకు" అంటారు. నవ్వితే ప్రైజు రాదేమో.

ఆ ఫొటో కంప్యూటర్‌లోకి వెళ్లాక ఏం జరుగుతుంది? అక్కడ ఎవరూ ఆరెంజ్ వెలుగు పెంచరు. క్లారిటీ స్లైడర్‌ను కుడి చివరికి తోస్తారు. ఫోనులో చేసేవాళ్లయితే స్నాప్‌సీడ్‌లో స్ట్రక్చర్, డ్రామా. ముడతల్లోని నీడ ఇంకా నల్లబడుతుంది, చెమట చుక్క ఇంకా మెరుస్తుంది. రంగు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేస్తారు. దీనికి ఒక పేరు కూడా ఉంది, డ్రాగన్ ఎఫెక్ట్. ఆంజేయ్ డ్రాగన్ అనే పోలండ్ ఫొటోగ్రాఫర్ తీసిన పోర్ట్రెయిట్ల శైలిని అనుకరించి అందరూ వాడుకుంటున్న పేరు. నలభై అయిదేళ్ల కూలితల్లి డెబ్బై అయిదేళ్ల ముసలమ్మ అయిపోతుంది. కింద "శ్రమ సౌందర్యం" అని క్యాప్షన్. ఆ తల్లి పేరు ఉండదు, ఊరు ఉండదు, ఆ రోజు కూలి ఎంతో ఉండదు.

చూడండి విచిత్రం. అదే మనిషి. ఆమె కూతురి పెళ్లిలో డబ్బులిచ్చి ఫొటో తీయించుకుంటే తెల్లగా చేస్తారు. ఆమె పొలంలో ఉంటే డబ్బులివ్వకుండా ఫొటో తీసి నల్లగా చేస్తారు. మొదటి ఫొటో ఆమె గోడ మీద ఉంటుంది, రెండోది వాళ్ల ఎగ్జిబిషన్ గోడ మీద ఉంటుంది. కూలి మనిషిగా ఉన్నంతసేపు నువ్వు ఎంత నల్లగా ఉంటే అంత కళ. గౌరవం కావాలంటే మాత్రం ఆ నలుపు గుమ్మం బయట వదిలి రావాలి. చెప్పులు వదిలినట్టు.

మసిపూసి మారేడుకాయ చేయడం అని మనకో సామెత ఉంది. మారేడుకాయను అమ్ముకునేది ఎవరు అని సామెత చెప్పదు. మనం అడగాలి.

*

"మీకు ప్రతిదాంట్లో కులమే కనపడుతుంది సార్. స్లైడర్‌కు కులమేంటి?" నాతో పనిచేసే ఒక మిత్రుడు స్టాఫ్‌రూంలో అడిగాడు. మంచివాడే. ఆయనకు అక్కడ చెప్పలేని జవాబు ఇక్కడ చెబుతున్నాను.

యంత్రానికి పక్షపాతం ఉండదన్న మాట పాత అబద్ధం. కలర్ ఫిల్ము రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్ల యువతి. మొదటి మోడల్ పేరును బట్టి వాటిని షర్లీ కార్డులన్నారు. ఆమె చర్మం బాగా వస్తే రంగు సరిగ్గా ఉన్నట్టు. నల్లవాళ్ల ముఖాలు ఫిల్ములో ముద్దగా వచ్చినా దశాబ్దాల పాటు అది కంపెనీకి సమస్యగా కనపడలేదు. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ దీని మీద పనిచేసి రాసింది చదివితే ఒళ్లు మండుతుంది. ముదురు గోధుమ రంగులు సరిగ్గా రావడం లేదని గట్టిగా ఫిర్యాదు చేసింది చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు. అప్పుడు ఫిల్ము మెరుగుపడింది. చాక్లెట్‌కూ బల్లకూ దక్కిన మర్యాద మనిషికి దక్కలేదు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్ల మెడకు పాస్ పుస్తకాలు తగిలించింది. అందులో ఫొటోలకు పోలరాయిడ్ ఐడీ-2 కెమెరా వాడారు. ఆ కెమెరాకు ఒక బూస్ట్ బటన్ ఉంది. నొక్కితే ఫ్లాష్ పెరిగి నల్లటి ముఖం స్పష్టంగా వస్తుంది. చూశారా, వాళ్లను కాపలా కాయాల్సి వచ్చినప్పుడు నల్లటి ముఖాన్ని సరిగ్గా తీసే బటన్ తయారుగా ఉంది! 1970లో ఆ కంపెనీలోనే పనిచేసే ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు కెన్ విలియమ్స్, కారొలిన్ హంటర్ ఈ సంగతి బయటపెట్టి ఉద్యమం కట్టారు. 1977లో పోలరాయిడ్ దక్షిణాఫ్రికా నుంచి తప్పుకుంది. విద్యార్థి మిత్రులు ఈ ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. ఫొటో మీద ఉద్యమమేంటని నవ్వేవాళ్లకు చెప్పండి.

1994 జూన్ 27 తేదీతో అమెరికాలో రెండు పెద్ద పత్రికలు ఒకే ఫొటోను కవరు మీద వేశాయి. హత్య కేసులో అరెస్టయిన ఓ.జె. సింప్సన్‌ను పోలీసులు తీసిన ఫొటో అది. న్యూస్‌వీక్ ఉన్నది ఉన్నట్టు వేసింది. టైమ్ పత్రిక ఫొటో ఇలస్ట్రేషన్ పేరుతో ఆ ముఖాన్ని నల్లగా చేసి, చుట్టూ నీడలు పరిచింది. రెండూ పక్కపక్కన షాపుల్లో వేలాడేసరికి జనం పోల్చి చూశారు, గొడవైంది, పత్రిక విచారం చెప్పుకోవాల్సి వచ్చింది. విచారణ ఇంకా మొదలు కాలేదు. రంగు ముందే తీర్పు చెప్పేసింది.

అది వేరే దేశం అంటారా? 2015లో బాహుబలి చూశారు కదా. కాలకేయులు గుర్తున్నారా? ఒళ్లంతా మసి, మనుషులకు అర్థంకాని భాష. హీరో వైపు వాళ్లు ఏ రంగు? 2021లో పుష్ప వచ్చింది. కూలివాడి కథ కాబట్టి హీరోకీ హీరోయిన్‌కీ మేకప్‌తో రంగు దించారు. కూలివాడి పాత్రకు ఆ రంగుతోనే పుట్టిన నటుడు మన ఇండస్ట్రీకి దొరకడు. రంగు మాత్రం డబ్బాలో దొరుకుతుంది.

ఫోనులోకి వచ్చినా ఇదే కథ. 2017లో ఫేస్‌యాప్ అనే యాప్ మనుషుల్ని ఆకర్షణీయంగా మారుస్తానని ఒక ఫిల్టర్ పెట్టింది. నల్లవాళ్లు నొక్కితే తెల్లబడ్డారు. కంపెనీ క్షమాపణ చెప్పి, యంత్రానికి నేర్పిన ఫొటోల్లోనే లోపం ఉందంది. ఆ మాటను వదలొద్దు. యంత్రం తనంతట తాను ఏదీ అనుకోదు. మనం ఏది అందమని చూపిస్తే అదే అందమని నేర్చుకుంటుంది. 2018లో జాయ్ బువొలంవీని, టిమ్నిట్ గెబ్రూ ముఖాన్ని చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లటి మగవాళ్ల విషయంలో తప్పు ఒక శాతం కూడా దాటలేదు. ముదురు రంగు ఆడవాళ్ల దగ్గర ఒక సాఫ్ట్‌వేర్‌లో అది 34.7 శాతం దాకా పోయింది.

2025 మార్చిలో అందరూ గిబ్లీ బొమ్మలయ్యారు. సెప్టెంబరులో నానో బనానా చీరలు వచ్చాయి. మా లంకల్లో బనానా అంటే గెల మోసి భుజం కాయకట్టడం. ఫోనులో బనానా అంటే షిఫాన్ చీర, తలలో పువ్వు, సాయంత్రపు ఎండ. నా క్లాసులో ఆడపిల్లలు సరదాగా చేసుకుని చూపించారు. సరదాను నేను కాదనను. కానీ ఒకమ్మాయి అన్నమాట మరిచిపోలేను. "సార్, చీర బాగుంది. కానీ నేనే రాలేదు."

*

ఇప్పుడు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని దాటేస్తే అది మోసం.

నలుపు మన ఒక్కరి సొత్తా? కాదు. ఈ జిల్లాలో ఏ కులంలోనైనా నల్లటివాళ్లున్నారు, మనలో ఎర్రటివాళ్లున్నారు. కులమంటే జాతి తేడా అన్న వాదాన్ని బాబాసాహెబ్ 1936లోనే కుల నిర్మూలనలో కొట్టిపారేశారు. పంజాబు బ్రాహ్మడూ పంజాబు చమారూ ఒకే జాతి మూలం వాళ్లన్నారు. 1921లో మన కుసుమ ధర్మన్న "మాకొద్దీ నల్లదొరతనము" అని రాసినప్పుడు ఆ దొర రంగు కూడా నలుపే. కాబట్టి చర్మం చూసి కులం చెప్పలేం. చెప్పగలిగితే ఊరికీ పల్లెకూ మధ్య గోడ అక్కర్లేదు.

అయినా నలుపును పనికీ, పల్లెకూ, లేమికీ గుర్తుగా వాడుతూనే ఉన్నారు. మన కావ్యాలు తిరగేయండి. నేను వాటి మీదే కొన్నేళ్లు ఖర్చుపెట్టినవాణ్ని. నాయిక ఒళ్లు బంగారు తీగ, మెరుపు తీగ, ముఖం చంద్రబింబం. ఎండలో వరి కోసిన ఒళ్లు ఏ నాయికకూ లేదు. 1975లో ఒక క్రీము ఆ బంగారు తీగను ట్యూబులో పెట్టి మన దేశంలో అమ్మడం మొదలుపెట్టింది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ప్రపంచమంతా అడిగేసరికి పేరులో ఫెయిర్ తీసి గ్లో పెట్టుకున్నారు. పేరుకు కూడా ఫిల్టరే. అగ్రకులం పిల్లకు నలుపు పెళ్లి సంబంధంలో ఒక లోటు. మన పిల్లకు నలుపు ఇంటర్వ్యూలో, అద్దె ఇంటి గుమ్మంలో "ఏవూరు, ఏ వీధి" అనే ప్రశ్నకు మొదలు. ఒకటే రంగుకు రెండు శిక్షలు.

"మీవాళ్లే అడుగుతున్నారు కదా తెల్లగా చేయమని?" అవును, అడుగుతున్నారు. ఆ స్టూడియో కుర్రాడు నాకు అబద్ధం చెప్పలేదు. వాణ్ని నేను తిట్టలేదు, తిట్టను. వాడిది ఫ్లెక్సీకింత అని జీతం. వెనక్కి తెస్తే వాడి కూలి పోతుంది. మనవాళ్లు అడగడానికి కారణం ఉంది. జీవితమంతా "నల్లదానా" అని పిలిపించుకున్న మనిషి, పోయాక అయినా ఆ పిలుపు తప్పించుకోనివ్వాలని పిల్లలు అనుకుంటారు. అందులో ప్రేమ ఉంది. ఆ ప్రేమను నేను వెక్కిరించను. కానీ ఆ ప్రేమ ఎవరి మాట నమ్ముతోంది? తిట్టినవాడి మాటే నమ్ముతోంది. "నువ్వు చెప్పింది నిజమే, మా అమ్మ రంగు తప్పే, ఇదిగో దిద్దాం" అని ఒప్పుకుంటోంది.

ఒక్కసారి మన అంబేద్కర్ ఫ్లెక్సీలు చూడండి. ప్రతి ఏప్రిల్ 14కీ బాబాసాహెబ్ ఇంకొంచెం తెల్లబడుతున్నారు. బుగ్గలకు గులాబీ రంగు వస్తోంది. నీలం కోటు ఆయన ఎంచుకున్న గౌరవానికి గుర్తు, మన జెండా రంగు. బుగ్గల గులాబీ ఎవరు ఎంచుకున్నారు?

*

మరి శైలి వద్దా? కళ వద్దా? ఎవరన్నారు వద్దని!

1941లో గుర్రం జాషువ సందేశం పంపడానికి హంసను పిలవలేదు, మేఘాన్ని పిలవలేదు. గబ్బిలాన్ని పిలిచాడు. ఇంట్లోకి వస్తే అపశకునమని తరిమే నల్లటి ప్రాణిని కావ్యం మధ్యలో కూర్చోబెట్టాడు. దానికి రంగు వేయలేదు. దళిత స్త్రీల సాహిత్యాన్ని గోగు శ్యామల ఒకచోట చేర్చినప్పుడు ఆ పుస్తకానికి పెట్టిన పేరు నల్లపొద్దు. మన సాహిత్యం ఎప్పుడో తేల్చుకున్న విషయం మన ఫొటోలు ఇంకా తేల్చుకోలేదు.

అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 19వ శతాబ్దంలో అక్కడ అందరికన్నా ఎక్కువ ఫొటోలు తీయించుకున్న మనిషి. దాదాపు 160 ఫొటోలు దొరికాయి. నల్లవాళ్లను నవ్వులాట బొమ్మలుగా గీసే రోజుల్లో ఆయన కోటు వేసుకుని, కెమెరా కళ్లలోకి సూటిగా చూస్తూ, ఇకిలించకుండా కూర్చున్నాడు. తన ముఖాన్ని తన చేతిలో పెట్టుకోవడం రాజకీయమని ఆయనకు తెలుసు.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేస్తే, మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల అంబేద్కర్ పటం పట్టుకుని తోటి విద్యార్థులతో నడిచొచ్చిన ఫొటో ఉంది. అతను పోయాక దేశమంతా ఆ ముఖాన్ని నీలంలో, నలుపులో, స్టెన్సిల్ వేసి గోడల మీద గీసింది. అది కూడా ఫొటోను మార్చడమే. కానీ ఆ మార్పులో అతని ముఖం పోలేదు, ఇంకా గట్టిపడింది. ఎవరో అతన్ని తమకు నచ్చేలా తయారుచేయలేదు. అతని వాళ్లు అతన్ని ఎత్తిపట్టారు. శైలి అంటే అది.

తమిళనాడులో పళని కుమార్ ఉన్నాడు. చేపలమ్మే తల్లి కొడుకు. చేత్తో మలం ఎత్తే పనివాళ్ల జీవితాల్ని, వాళ్ల చావుల్ని ఏళ్ల తరబడి ఫొటో తీశాడు. తన తల్లినీ తీశాడు. ముంబై పారిశుధ్య కార్మికుల్ని తీసిన సుధారక్ ఓల్వే ఉన్నాడు. 2016లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల ఫొటోలు బ్లాక్ అండ్ వైట్‌లోనూ ఉంటాయి, వెలుగునీడల మీద శ్రద్ధా ఉంటుంది. కానీ వాళ్ల ఫొటోల్లో మనిషికి పేరుంటుంది, ఇల్లుంటుంది, కోపముంటుంది. గట్టు మీద పడుకుని తీసినవాడికీ వీళ్లకూ తేడా స్లైడర్‌లో లేదు. ఎవరి పక్కన నిలబడి తీశారు అన్న దగ్గర ఉంది.

*

చివరిగా, కార్యకర్తలకు ఒక మాట. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

మా కొల్లూరుకు చుండూరు ఎంతో దూరం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమందిని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో చుండూరులోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయినవాళ్లున్నారు, రక్తక్షేత్రం ఉంది. చంపినవాళ్లు మాత్రం కాగితం మీద లేరు. సాక్ష్యం అనే మాట విలువ ఈ నేల మీద పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇవాళ మన చేతిలో ఫోను ఉంది. దాడి జరిగినా, విగ్రహం పగలగొట్టినా, చెరువు దగ్గర అడ్డుకున్నా మొదట వచ్చే సాక్ష్యం ఫొటోనే. అవతలివాడు మొదట అనే మాట కూడా తయారుగా ఉంది: "అది ఎడిట్ చేసింది. ఏఐ తయారుచేసింది." మనం ప్రతి ముఖానికీ వెల్ల వేసే అలవాటులో బతుకుతూ, ఒరిజినల్ దాచుకునే అలవాటు లేకుండా ఉంటే, ఆ రోజు మన మాట నిలబడదు. అసలు లేనివాడికి నకలు ఆసరా కాదు. మా అమ్మ ఫొటో పోతే ఒక కుటుంబం ఏడ్చి ఊరుకుంది. రేపు పోయేది ఒక కేసు కావచ్చు.

కాబట్టి పని మాటలు చెబుతాను, రాసుకోండి.

ఒకటి. ఘటన జరిగినచోట తీసిన ఫొటోకు ఏ ఫిల్టరూ వద్దు, కోత వద్దు, మీద రాత వద్దు. పోస్టు చేసుకోవాలంటే కాపీ మీద చేయండి. ఒరిజినల్ తీసిన ఫోనులోనే ఉండాలి, ఇంకో రెండు చోట్ల దాచాలి.

రెండు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది నలిగిపోతుంది, తీసిన సమయం, ఫోను వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

మూడు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ చదవండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడుగుతుంది, ఫైలు హాష్ విలువ అడుగుతుంది. ఫైలులో కొంచెం మార్చినా ఆ విలువ మారిపోతుంది. అట్రాసిటీ కేసుల్లో పనిచేసేవాళ్లు లాయరును కలిసి దీన్ని ముందే నేర్చుకోవాలి, ఘటన జరిగాక కాదు.

నాలుగు. స్టూడియోకు వెళ్తే ఒకే మాట చెప్పండి: "వెలుగు సరిచెయ్ తమ్ముడూ, రంగు ముట్టుకోవద్దు. ఒరిజినల్ నాకు వెనక్కివ్వు." ఆ కుర్రాడికి కూడా ఇది పని తగ్గించే మాటే. కాలేజీల్లో జయంతి ఫ్లెక్సీలు వేయించే విద్యార్థి సంఘాలు ఈ ఏప్రిల్ నుంచే మొదలుపెట్టండి.

అయిదు. మన పొలాల్లోకి లెన్సుతో వచ్చేవాళ్లను అడగండి. పేరు రాస్తారా? ప్రింటు తెచ్చిస్తారా? ఇవ్వకపోతే గట్టు దిగమనండి. ఆ గట్టు మన అమ్మలు వేసింది.

ఆరు. ఇవాళ ఇంటికి ఫోన్ చేయండి. హాస్టల్లో ఉన్నవాళ్లు సెలవులకు వెళ్లినప్పుడు చేయండి. అమ్మను, నాన్నను, అమ్మమ్మను గుమ్మంలో కూర్చోబెట్టి, పగటి వెలుతురు ముఖం మీద పడేలా ఒక ఫొటో తీయండి. ఫిల్టర్ లేకుండా. నవ్వనివ్వండి. దాన్ని మూడు చోట్ల దాచండి. ఆ పని వాయిదా వేసినవాడి మాట ఇది, వినండి.

మా ఇంట్లో ఆ పెద్ద ఫ్లెక్సీ చుట్టి అటక మీద పెట్టాం. దాన్లోంచి చేతుల వరకు కోయించి ఫ్రేము కట్టించాను. గోడ మీద అదే ఉంది. బైబిలు మీద రెండు నల్లటి చేతులు, వేలి మీద కొడవలి గాటు. వచ్చినవాళ్లు ముఖమేది అంటారు. మా మేనకోడలు చెబుతుంది, "మా అమ్మమ్మే" అని.

వచ్చే ఆదివారం స్కాలర్‌షిప్పుల బకాయిల గురించి. ఈసారి వాయిదా లేదు.

జై భీమ్.